చచ్చిన వేషం కట్టినవాళ్ళను లేపే పని

రండి, ఇంకొంచెం దగ్గరికి జరిగి కూర్చోండి. గడపలో వద్దు, చాప ఖాళీగానే ఉంది. నా గొంతు ఇప్పుడు దూరం పోదు. సినిమా షూటింగులకు పల్లెల నుంచి మనుషుల్ని తోలుకుపోయే పని ఇరవై ఏళ్ళకు పైగా చేశాను. ఇప్పుడు అదే పనిలోకి దిగాలని చుట్టుపక్కల పిల్లలు వచ్చి అడుగుతున్నారు. ఎవరికి ఫోన్ చేయాలి, బండి ఎట్లా మాట్లాడుకోవాలి అనేది ఎవరైనా చెబుతారు. నేను చెప్పేది వేరే. మధ్యలో లేవకుండా వినండి.

వెనక నిలబడేవాళ్ళు

నా పేరు మద్దమ్మ. మాది బేతంచెర్ల పక్కన, నాపరాళ్ళ గనుల మధ్య ఒక పల్లె. పెళ్ళయిన కొత్తలో మిరపకాయల కోతకు గుంటూరు వైపు కూలి జట్టును తీసుకుపోయే మేస్త్రీని. ఒక ఏడు ఓర్వకల్లు రాళ్ళ దగ్గర షూటింగు పెట్టుకున్నవాళ్ళు పల్లె మనుషులు కావాలంటే మా జట్టునే తోలుకుపోయాను. అట్లా మొదలైంది.

అప్పుడు నా పైన ఉన్న మేనేజరు సూర్యంగారు కోస్తా మనిషి. నోరు చెడ్డది, మనసు మంచిది. మొదటి రోజే నాకు ఒక మాట చెప్పాడు: ముందర నిలబడేవాళ్ళను చూసుకోవడానికి చాలామంది ఉంటారు, వెనక నిలబడేవాళ్ళను నువ్వు చూసుకో అని. అంటే ఏమిటో చేస్తేగానీ తెలియలేదు. ఎండలో నాలుగు గంటలు ఈటె పట్టుకుని నిలబడ్డ ముసలాయనకు నీళ్ళు ఎవరిస్తారు? ఆడవాళ్ళు చాటుకు పోవాలంటే ఆ బోడి రాళ్ళలో చాటు ఎక్కడ? అదీ మన పని. మిగతాదంతా అరవడం.

తప్పులు కూడా చేశాను. రాజుల కాలం సినిమా ఒకదానిలో మా జట్టులో ఒకామె ప్లాస్టిక్ గాజులతో నిలబడింది. సగం రోజు తీసింది మళ్ళీ తీయాల్సి వచ్చింది. సూర్యంగారు ఆమెను ఒక్క మాట అనలేదు. నన్ను అందరి ముందర తిట్టాడు. అది సరైన పనే. మనిషిని తోలుకుపోయినవాళ్ళే ఆ మనిషికి జవాబుదారీ. ఈ మాట అప్పుడు గాజుల సంగతి అనుకున్నాను.

లేపడం

సినిమాల్లో చచ్చిన వేషం కట్టినవాళ్ళకు ఒక పద్ధతి ఉంది. షాటు అయిపోగానే వాళ్ళను ఊరికే లేచిపోనివ్వరు. పడుకున్నచోటనే ఉంచి, కెమెరా మళ్ళీ తిప్పుతారు. ఆ మనిషి కళ్ళు తెరిచి, లేచి కూర్చుని కెమెరాను చూసి నవ్వాలి. తర్వాత గుమ్మడికాయతో దిష్టి తీసి పగలగొడతారు. చావును చూసిన కెమెరానే లేవడాన్నీ చూడాలని సూర్యంగారు చెప్పేవాడు. ఎంత తొందరలో ఉన్నా, ఎంత పెద్ద హీరో కాల్షీటు దాటిపోతున్నా ఈ ఒక్క పని మాత్రం వదిలేవాడు కాదు.

దానికి నేను ఇంకొకటి కలిపాను. ముఖం మీద నీళ్ళు చల్లి, పేరు పెట్టి పిలిచేదాన్ని. వాళ్ళు పలకాలి. "ఆఁ, లేస్తాండా" అంటేనే పక్కవాళ్ళ దగ్గరికి పోయేదాన్ని. యుద్ధాల సినిమాల్లో ముప్పై నలభైమంది పడుకుంటారు. వాళ్ళ మధ్యలో రబ్బరు బొమ్మలు కూడా పడేస్తారు, కుప్ప పెద్దగా కనపడాలని. రంగూ రక్తమూ పూశాక ఏది మనిషో ఏది బొమ్మో తెలియదు. నేను కాళ్ళు ముట్టుకుంటూ పోయేదాన్ని. వెచ్చగా ఉంటే మనిషి, చల్లగా ఉంటే బొమ్మ. చీకటి గదిలో అయినా నా చెయ్యి పొరపాటు పడదని జట్టులో అందరూ అనేవాళ్ళు. నేను కూడా అనుకునేదాన్ని.

ఇందులో దయ్యాలూ భూతాలూ ఉన్నాయని నేను చెప్పడం లేదు. ఒక మనిషిని పట్టుకుని నువ్వు చచ్చిపోయావు, కదలొద్దు, ఊపిరి కనపడనివ్వొద్దు అని గంటసేపు చెబుతాం. ఆ తర్వాత కాదు, నువ్వు బతికే ఉన్నావు అని కూడా ఎవరో ఒకరు చెప్పాలి కదా. అంతే.

రాతి మెట్ల దేశం

నేను పని మానేయడానికి ఐదారేళ్ళ ముందు ఒక పెద్ద సినిమా మా ఊరికే వచ్చింది. కథ మన దేశానిది కాదు. సముద్రాల అవతల, వెయ్యేళ్ళ కిందట, మాయన్లు అనే జనం ఉండేవాళ్ళంట. కొండల మాదిరి రాతి గుళ్ళు కట్టి, వాటికి నిట్టనిలువు మెట్లు పెట్టి, పైన బలిపీఠం పెట్టేవాళ్ళంట. మా ఊరి పక్కన పని ఆగిపోయిన నాపరాళ్ళ గుంత ఒకటి ఉంది. రాయి పొరలు పొరలుగా తీసిన గుంత కాబట్టి నాలుగు పక్కలా మెట్లు ముందే ఉన్నాయి. దానిలోనే ప్లైవుడ్డూ సిమెంటూ కలిపి గుడి నిలబెట్టారు. నెల రోజుల్లో మాకు తెలిసిన గుంత పోయి, ఎవరిదో ఊరు వచ్చి కూర్చుంది. గొర్రెలు కూడా అటు పోయేవి కావు.

డైరెక్టరు కింద పనిచేసే కిరణ్ అనే అబ్బాయి జనాన్నంతా కూర్చోబెట్టి కథ చెప్పాడు. ఆ రాజ్యానికి కరువు వచ్చిందంట. చుట్టుపక్కల ఊళ్ళ మీద పడి మనుషుల్ని పట్టుకొచ్చి, ఒంటికి నీలం రంగు పూసి, గుడి మీద వాన దేవుడికి బలి ఇచ్చేవాళ్ళంట. జనం భయపడతారని అతను ఆగి ఆగి చెప్పాడు. ఎవరూ భయపడలేదు. పక్క చేను రైతు తిక్కయ్య మాత్రం గడ్డం గోక్కుంటూ అన్నాడు:

"మనం పొట్టేల్ని కొడ్తాము, వాళ్ళు మనిషిని కొట్టినారు. ఎన్నేండ్ల కరువో పాపం."

ఆ ఏడు మాకూ అట్లాగే ఉంది. మొదటి వానకు వేరుశనగ విత్తనం వేశాం. మొలిచి నెల దాటినా ఇంకొక చినుకు లేదు. ఆకులు మధ్యాహ్నానికి ముడుచుకుపోయేవి. చేనికి పోయి చూడలేక జనమంతా షూటింగుకు వచ్చారు.

పీఠం మీద చనిపోయే పెద్దమనిషి వేషానికి డైరెక్టరు మా ఊరి నరసప్ప మామను ఏరుకున్నాడు. మామ ఆ గుంతలోనే ముప్పై ఏళ్ళు రాయి తీసిన మనిషి. ఎముకల గూడు, లోపలికి పోయిన కళ్ళు. భార్య సుంకమ్మత్తకు ఇష్టం లేదు. నేనే పోయి ఒప్పించాను. సాయంత్రానికి ఇంట్లో ఉంటాడు అత్తా, నాది పూచీ అన్నాను.

కాలు చల్లగా ఉంది

నీలం పూశాక మామను నేను కూడా గుర్తుపట్టలేకపోయాను. పీఠం మీద పడుకోబెట్టారు. కింద మెట్ల మీద మా జనం రెండు వందలమంది, మోకాళ్ళ మీద. వాళ్ళకు డైరెక్టరు పైకి చూసి దండం పెట్టమని చెప్పాడు, అంతే. కానీ కత్తి పైకి లేవగానే జనంలో ఎక్కడో ఒకరు సన్నగా మూలిగారు. తర్వాత ఇంకొకరు. కాసేపటికి గుంత నాలుగు గోడలూ మూలుగుతున్నట్టు అయింది. అట్లా చేయమని ఎవరూ చెప్పలేదు. కిరణ్ నా వైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను, నాకూ తెలియదని.

కత్తి దిగింది. మామను మెట్ల మీద నుంచి దొర్లించినట్టు చూపించి, కింద బొమ్మల కుప్పలో పడుకోబెట్టి ఆ షాటు కూడా తీశారు. కట్ అన్నారు.

అప్పుడు వాన పడింది.

ఉరుము లేదు, గాలి లేదు. ఎర్రమల కొండల వైపు మబ్బు ఎప్పుడు ఎక్కిందో ఎవరూ చూడలేదు. ఒక్కసారిగా మీద పడింది. యూనిట్ వాళ్ళు కెమెరాల మీద పట్టాలు కప్పుకుని పరుగెత్తారు. మా జనం పరుగెత్తలేదు. నోళ్ళు తెరుచుకుని వాన తాగుతూ నిలబడ్డారు. కొందరు ఏడ్చారు. నా చేను మూడెకరాలు గుర్తొచ్చి నేనూ ఏడ్చాను. గుమ్మడికాయ గోనెసంచిలోనే ఉండిపోయింది.

గుంతలోకి నీళ్ళు దిగుతున్నాయి, అందరినీ పైకి ఎక్కించాలి. కుప్ప దగ్గరికి పోయి కాళ్ళు ముట్టుకుంటూ వచ్చాను. చల్లగా ఉంది, బొమ్మ. చల్లగా ఉంది, బొమ్మ. మామ ముందే లేచి పోయి ఉంటాడనుకున్నాను. ఎక్కి వచ్చేశాను.

పొద్దు వాలే ముందు మామ ఒక్కడే గుంత ఎక్కి, ఊరి నడిబజారులో నడిచి ఇంటికి పోయాడంట. వానకు కూడా నీలం పోలేదు. పలకరించినవాళ్ళకు పలకలేదంట. ఈ సంగతి నాకు మరుసటి రోజు తెలిసింది. అలసిపోయాడేమో అనుకున్నాను.

ఇంకొక్క పదును

యూనిట్ అడవి సీన్లకు అహోబిలం దారిలోకి మారింది. మూడో రోజు మా ఊరికి మళ్ళీ వాన వచ్చింది. నాలుగో రోజు సుంకమ్మత్త మా ఇంటికి వచ్చి, కూర్చోమన్నా కూర్చోలేదు.

"నువ్వు తోలుకపోయినావు మద్దమ్మా. ఇంటికొచ్చింది ఎవరో నాకు తెలీదు. మా ఆయన్ను తెచ్చియ్యి."

పోయి చూశాను. మామ నడి ఇంట్లో మంచం మీద, చేతులు పక్కకు చాపి, పీఠం మీద పడుకున్నట్టే పడుకుని ఉన్నాడు. స్నానం చేయనివ్వలేదంట. అన్నం ముట్టలేదంట, గుక్కెడు నీళ్ళు తప్ప. గడప బయట నాలుగైదు కొబ్బరికాయలు, పసుపు, ఎవరో పెట్టిపోయిన పచ్చి వేరుశనగ మొక్క ఒకటి. నేను పక్కన కూర్చుని పిలిస్తే నా వైపు తిరగకుండానే మాట్లాడాడు. గొంతు మామూలుగానే ఉంది. దానికే నాకు ఎక్కువ భయం వేసింది.

"నువ్వొచ్చి కాలు ముట్టుకుంటివి గదమ్మీ. ముట్టుకుని పోతివి. యాడ ప్రాణముందో యాడ ల్యాదో నీకు తెలీదా? ఎన్నేండ్లుగా అదే పని చేస్తాండావు."

"వాన తడికి చల్లబడినావు మామా. బొమ్మనుకుంటి."

"వానొచ్చె గదా," అన్నాడు. "నన్నిచ్చినారు, అది వచ్చె. ఇంగ మళ్ళా వెనక్కి అడిగితే బాగుంటాదా?"

లేపాలని అప్పుడే అనుకున్నాను. కెమెరాను పిలిపించి, పద్ధతి ప్రకారం లేపాలి. బయటికి వస్తే తిక్కయ్య, ఇంకో నలుగురు రైతులు అరుగు మీద ఉన్నారు. కోపంగా లేరు. చాలా మర్యాదగా ఉన్నారు.

"మామ సావాలని మేమేమన్నా అంటాండామా అక్కా," అన్నాడు తిక్కయ్య. "ఇంకొక్క పదును పడనీ. ఊడలు దిగనీ. ఆ మీద నువ్వు లేపుకో, మేం అడ్డం రాము."

"అన్నం తినల్యా ఆయప్ప."

"నీళ్ళు తాగుతాండాడంట గదా."

వేరుశనగ చేసినవాళ్ళకు తెలుసు. పూత తర్వాత ఊడలు భూమిలోకి దిగాలి, అప్పుడు నేల మెత్తగా ఉండాలి. ఆ ఒక్క పదును వాన తప్పితే కాయ లేదు. నా మూడెకరాల్లో పూత అప్పుడే పసుపుపచ్చగా కనపడుతోంది.

ఇక్కడ మీకు నిజం చెప్పాలి. వాళ్ళు నన్ను ఆపారని ఊళ్ళో అందరూ అనుకున్నారు. వాళ్ళు ఆపలేదు. నేనే ఇంటికి పోయి కిరణ్‌కు ఫోన్ చేయకుండా కూర్చున్నాను. రెండు రోజులు. ఆ రెండు రోజులూ పొద్దున లేచి మొదట మబ్బును చూశాను, తర్వాత మామ ఇంటి వైపు చూశాను. కాలు ముట్టుకుని పొరబడ్డది తప్పు కాదు. ఈ రెండు రోజులు తప్పు.

ఆరో రోజు సుంకమ్మత్త మళ్ళీ వచ్చింది. నీళ్ళు కూడా మింగడం లేదని చెప్పింది. నేను ఏదో సర్దిచెప్పబోతే ఆపింది.

"నీ చేను పచ్చగుండాది. చూసే వచ్చినాలే."

గుంతలో

అప్పుడు ఫోన్ చేశాను. ఆ కెమెరానే కావాలి, ఈ పొద్దే రావాలి, లేకపోతే నా జనం ఒక్కరు కూడా రేపటి నుంచి మీ ఎదట నిలబడరు అన్నాను. కిరణ్ మంచి అబ్బాయి. ఎందుకని అడగలేదు. అడవిలో పని ఆపించి, కెమెరాను, దాన్ని తిప్పే మనిషిని బండిలో వేసుకుని మధ్యాహ్నానికి వచ్చాడు.

పడుకున్నచోటనే లేపాలి. మంచంతో సహా మోసుకుపోదామంటే మగవాళ్ళు ఒక్కరూ చెయ్యి వేయలేదు. అడ్డం కూడా రాలేదు. పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు. నేను, సుంకమ్మత్త, మా జట్టులో ఇద్దరు ఆడవాళ్ళు మంచం ఎత్తుకున్నాం. మామ అంత బరువు ఉంటాడని అనుకోలేదు. ఆరు రోజులు తినని మనిషి, ఎముకల గూడు. రాతి మెట్లు దిగుతుంటే రాయి మోస్తున్నట్టు ఉంది. నలుగురం ఆ మాటే తర్వాత చెప్పుకున్నాం.

ఆ రోజు బొమ్మల కుప్ప ఉన్నచోట పడుకోబెట్టాం. అడుగున వాన నీళ్ళు నిలిచి, గుడి తలకిందులుగా కనపడుతోంది. గుంత అంచు మీద ఊరంతా వచ్చి నిలబడింది. ఒక్క దగ్గు లేదు, పసిబిడ్డల ఏడుపు లేదు. వాళ్ళ తలల మీదుగా ఎర్రమల నుంచి మబ్బు వస్తోంది, నల్లగా, కిందికి వంగి. వాళ్ళు మమ్మల్ని కాదు, దాన్ని చూస్తున్నారు.

కెమెరా తిరిగింది. నీళ్ళు చల్లి పిలిచాను. "నరసప్ప మామా, లెయ్."

పలకలేదు. రెండోసారి పిలిచాను. నా గొంతే గోడకు తగిలి వెనక్కి వచ్చింది. మూడోసారి పిలిచి కాలు ముట్టుకున్నాను. మండే ఎండలో కాలు చల్లగా ఉంది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. నా బతుకులో మొదటిసారి, అది మనిషో బొమ్మో నాకు తెలియలేదు.

సుంకమ్మత్త నన్ను పక్కకు నెట్టి కూర్చుంది. మా వైపు ఆడది మొగుడి పేరు ఎత్తదు. ఓటరు లిస్టు రాసుకునేవాళ్ళు వచ్చి అడిగినా పక్కింటివాళ్ళతో చెప్పిస్తుంది. పెళ్ళయి నలభై ఏళ్ళు, ఆమె నోట ఆ పేరు ఎవరూ వినలేదు. వంగి, గట్టిగా, పైనున్న ఊరందరికీ వినపడేట్టు అంది:

"నరసప్పా. లెయ్."

మామ కళ్ళు తెరిచాడు. కాసేపు ఆకాశాన్ని చూశాడు. తర్వాత నెమ్మదిగా ఆమె వైపు తిరిగాడు.

"ఏమే, పేరు పెట్టి పిలుస్తాండావు?"

"పిలుస్తా. లేసేదాకా పిలుస్తా. ఊరంతా వింటాండాది, సిగ్గుంటే లెయ్."

లేచి కూర్చున్నాడు. కెమెరాను చూసి నవ్వమని కిరణ్ చెప్పాడు. నవ్వలేదు. నీలం మీద రెండు కళ్ళ కిందా తడి గీతలు దిగాయి. అంతటితో సరిపెట్టుకుని కిరణ్ గుమ్మడికాయ కొట్టాడు. ఆ చప్పుడుకు తల ఎత్తి చూస్తే గుంత అంచు ఖాళీగా ఉంది. అంతమంది వెళ్ళిపోతుంటే అడుగుల చప్పుడు కూడా వినపడలేదు. మబ్బు కొండకు అవతలి పక్క దిగింది. దూరంగా వాన తెర వేలాడుతూ కనపడింది, మాది కాని నేల మీద.

ఆ తర్వాత

ఆ పంట కారులో మాకు మళ్ళీ వాన పడలేదు. ఊడలు నేలకు తగిలి, లోపలికి పోలేక, ఎండిపోయాయి. నావీ, తిక్కయ్యవీ, అందరివీ. పక్క మండలంలో కూడా పడలేదు, మూడేళ్ళకొకసారి అట్లాగే అవుతుంది మాకు. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

మామ నాలుగేళ్ళు బతికాడు, అన్నం తిన్నాడు, మనవరాలి పెళ్ళి చూశాడు. చెవి మడతల్లో, గోళ్ళ అంచున ఆ నీలం కొంచెం ఉండిపోయింది. మబ్బు పట్టి పడకుండా పోయిన రోజు మాత్రం ఇంట్లోంచి బయటికి వచ్చేవాడు కాదు, బాకీ ఉన్న మనిషి మాదిరి. సినిమా విడుదలై బేతంచెర్లలో ఆడితే ఊరంతా పోయింది, ఆయన పోలేదు. కత్తి దిగే చోట హాల్లో మావాళ్ళు లేచి నిలబడి దండం పెట్టారు. మామ లేచిన ముక్క సినిమాలో లేదు. ఎందుకుంటుంది?

పోయిన ఏడు కరువు. అదే కంపెనీ రెండో భాగం తీస్తుందని, గుంతను చూసుకోవడానికి వస్తారని ఊళ్ళో తెలిసింది. మిట్టమధ్యాహ్నం తిక్కయ్య తలంటుకుని, ఉతికిన పంచె కట్టుకుని మా ఇంటికి వచ్చాడు. వెనకే వాళ్ళ ఆడమనిషి. నేను మంచినీళ్ళు ఇస్తే తాగకుండా చెంబు పక్కన పెట్టాడు.

"ఈసారి నన్ను పండబెట్టక్కా," అన్నాడు. "నీలం నాకు పూయించు."

నేను చెంబు ఎత్తి మళ్ళీ చేతికి ఇవ్వబోతే తీసుకోలేదు.

"ఊడలు దిగేదాకా లేపొద్దు. మా ఇంటిదానికి కూడా చెప్పినా. పిలవదు."

ఆమె వైపు చూశాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేలను చూస్తోంది. కాదని తల ఊపుతుందేమో అని చాలాసేపు చూశాను.

ఆ రోజే కంపెనీకి ఫోన్ చేసి పని మానేశానని చెప్పాను. నేను తోలకపోతే ఇంకెవరో తోలుకుపోతారని నాకు తెలుసు. అది మీలో ఒకరు కావచ్చు. అందుకే కూర్చోబెట్టి చెప్పాను. పడుకోబెట్టమని ఎవరైనా తమంతట తాము వస్తే, ముందర వాళ్ళ చేను ఎట్లా ఉందో పోయి చూసి రండి. తర్వాత మీ చేను చూసుకోండి. రెండూ ఎండి ఉంటే ఆ మనిషిని వెనక్కి పంపండి.

ఇంక లేవండి, చల్లగా పోయి రండి. మీ చేలల్లో వాన తనంతట తానే పడాలి, ఎవరినీ ఏమీ అడగకుండా. మీ ఇంట్లో అన్నాలకు కూర్చున్నప్పుడు వేసిన కంచాలన్నిటి ముందరా మనుషులుండాలి.